వైద్య పరికరాల రూపకల్పనలో లీన్ స్టార్టప్ పద్ధతి

లీన్ స్టార్టప్ అనేది కొత్త వ్యాపార సంస్థలు తమ ఉత్పత్తులను రూపొందించుకొనుటకు అనుసరించే ఒక పద్ధతి. ఉత్పత్తిని పూర్తిగా తయారుచేసి మార్కెట్లో పెట్టిన తరువాత అది ఎవరికైనా కావాలో వద్దో తెలుసుకోవడం కాక, పని మొదలైన నాటి నుండే చిన్న చిన్న ప్రయోగాలు చేస్తూ, వాటి ఫలితాలను బట్టి దారి మార్చుకొంటూ సాగడం ఈ పద్ధతి సారాంశం. సాఫ్టువేరు రంగంలో పుట్టిన ఈ పద్ధతిని 2010ల నుండి వైద్య పరికరాల రంగానికి కూడా అన్వయిస్తున్నారు. అయితే రోగి శరీరంపై పనిచేసే పరికరాన్ని అసంపూర్ణంగా విడుదల చేసి, లోపాలను తరువాత సరిదిద్దుకోవడం కుదరదు. కనుక ఈ పద్ధతిలో ఏ భాగాన్ని యథాతథంగా తీసుకొనవచ్చును, ఏ భాగాన్ని మార్చుకోవలెను అన్నది ఈ రంగంలో ముఖ్యమైన ప్రశ్న.

పుట్టుపూర్వోత్తరాలు

లీన్ అనే మాట జపాను కార్ల పరిశ్రమకు సంబంధించినది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత టయోటా కంపెనీలో తైచీ ఓనో మరియు అతని సహచరులు వృథాను తగ్గించే ఉత్పత్తి విధానాన్ని రూపొందించారు. ఈ విధానానికి లీన్ అనే పేరును 1988లో జాన్ క్రాఫ్సిక్ తన వ్యాసంలో వాడాడు. 1990లో వెలువడిన "ది మెషీన్ దట్ ఛేంజ్డ్ ది వరల్డ్" అనే పుస్తకం ద్వారా ఈ మాట ప్రచారంలోకి వచ్చింది.

అమెరికాకు చెందిన స్టీవ్ బ్లాంక్ 2005లో ప్రచురించిన పుస్తకంలో, కొత్త కంపెనీలు విఫలమయ్యేది చాలా వరకు సాంకేతిక లోపం వల్ల కాదనీ, కొనేవారు లేకపోవడం వల్లననీ వాదించాడు. అతని వద్ద చదువుకొన్న ఎరిక్ రీస్ ఈ భావనలను టయోటా విధానంతో కలిపి 2008 నుండి లీన్ స్టార్టప్ అనే పేరుతో ప్రచారం చేశాడు. అదే పేరుతో అతని పుస్తకం 2011లో వెలువడింది. టయోటాలో వృథా అని గుర్తించిన వాటిలో అవసరానికి మించి తయారైన సరుకు ఒకటి. రీస్ దృష్టిలో అసలైన వృథా ఎవరికీ అక్కరలేని వస్తువును ఎంతో శ్రద్ధగా తయారుచేయడం.

వైద్య రంగంలో ఈ పద్ధతికి సంస్థాగతమైన ఆదరణ అమెరికాలోనే మొదలైంది. ఆ దేశపు జాతీయ విజ్ఞాన సంస్థ 2011లో ఐ-కోర్ అనే శిక్షణ కార్యక్రమాన్ని బ్లాంక్ బోధన ఆధారంగా ప్రారంభించింది. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంగణంలో జీవశాస్త్ర, వైద్య రంగాల కోసం ప్రత్యేక తరగతి నడిచింది. 2014లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు కూడా ఇటువంటి కార్యక్రమాన్ని చేపట్టాయి.

ముఖ్య భావనలు

ఈ పద్ధతిలో ప్రధానమైన భావనలు నాలుగు.

పరికల్పన: సంస్థ స్థాపకుల నమ్మకాలన్నీ నిరూపణ కాని ఊహలే అని ముందుగా అంగీకరించాలి. "నర్సులు ఈ పరికరాన్ని వాడతారు", "ఆసుపత్రి దీనికి ఇంత ధర చెల్లిస్తుంది" వంటి ప్రతి వాక్యాన్నీ పరీక్షకు పెట్టదగిన పరికల్పనగా రాసుకోవాలి.

కనిష్ఠ ఉత్పత్తి: ఒక పరికల్పనను పరీక్షించుటకు సరిపోయేంత మాత్రమే తయారుచేసిన రూపం. దీని ఉద్దేశం అమ్మకం కాదు, నేర్చుకోవడం.

నిర్మాణం, కొలత, అభ్యాసం: ఒక నమూనాను తయారుచేయడం, దాని ఫలితాన్ని కొలవడం, దాని నుండి నేర్చుకొన్నదానితో మరల తయారుచేయడం. ఈ చక్రం ఎంత త్వరగా తిరిగితే అంత మేలు.

మలుపు: పరికల్పన తప్పని తేలినప్పుడు లక్ష్యాన్ని విడువకుండా మార్గాన్ని మార్చుకోవడం. దీనిని ఆంగ్లంలో వాడే పివట్ అనే మాటతోనే ఎక్కువగా వ్యవహరిస్తారు.

సాఫ్టువేరుకు, వైద్య పరికరానికి గల భేదాలు

ఒక వెబ్‌సైటులో తప్పు దొర్లితే మరునాడు సరిదిద్దవచ్చును. శరీరంలో అమర్చిన గుండె కవాటంలో తప్పు దొర్లితే దానిని తీయుటకు మరొక శస్త్రచికిత్స కావాలి. వెబ్‌సైటును వాడేవారిలో సగం మందికి ఒక రూపాన్ని, మిగతా సగం మందికి మరొక రూపాన్ని చూపి పోల్చవచ్చును. రోగులపై అటువంటి పోలిక చేయాలంటే నైతిక సంఘం ఆమోదం, రోగి అంగీకారం తప్పనిసరి.

రెండవ భేదం వినియోగదారుకు సంబంధించినది. సాఫ్టువేరులో సాధారణంగా వాడేవాడే కొంటాడు. వైద్య పరికరం విషయంలో వాడేది నర్సు, సిఫారసు చేసేది వైద్యుడు, కొనేది ఆసుపత్రి కొనుగోలు విభాగం, డబ్బు చెల్లించేది బీమా సంస్థ లేదా ప్రభుత్వం, ఫలితం అనుభవించేది రోగి. వీరిలో ఏ ఒక్కరు కాదన్నా పరికరం వాడుకలోకి రాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలలో ఒక్కొక్క చికిత్సకు ఇంత అని మొత్తాన్ని నిర్ణయిస్తారు. ఆ మొత్తంలో ఇమడని పరికరాన్ని వైద్యుడు మెచ్చుకొన్నా ఆసుపత్రి కొనలేకపోవచ్చును. కాబట్టి వీరందరితోనూ ముందుగానే మాట్లాడి తెలుసుకోవడం వైద్య పరికరాల రంగంలో మరింత అవసరం.

మూడవది చట్టం. అమెరికాలో డాల్కన్ షీల్డ్ అనే గర్భనిరోధక సాధనం 1971లో మార్కెట్లోకి వచ్చి, అనేకమంది స్త్రీలకు తీవ్రమైన ఇన్ఫెక్షన్లు కలిగించి, 1974లో ఆ దేశపు మార్కెట్ నుండి ఉపసంహరించబడింది. అటువంటి అనుభవాల ఫలితంగా 1976లో వైద్య పరికరాల చట్ట సవరణ వచ్చింది. దాని ప్రకారం పరికరాలను ప్రమాద స్థాయిని బట్టి మూడు తరగతులుగా విభజించారు. భారతదేశంలో 2017 నాటి వైద్య పరికరాల నియమావళి 2018 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. ఇందులో ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు కలవు. ఇంజెక్షను సూది బి తరగతికి, వెంటిలేటరు సి తరగతికి, గుండె కవాటం డి తరగతికి చెందుతాయి. 2020 ఏప్రిల్ 1 నుండి వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి తీసుకొనిరాబడినవి.

రూపకల్పన నియంత్రణ

అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ 1996లో ప్రకటించిన నాణ్యతా నిబంధనలు, పరికరం రూపకల్పన దశ నుండే లిఖితపూర్వకమైన నియంత్రణ ఉండాలని నిర్దేశించాయి. ఈ సంస్థను క్లుప్తంగా ఎఫ్‌డీఏ అంటారు. ఈ నిబంధనలలో అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 13485ను చేర్చుతూ చేసిన సవరణ 2024లో ప్రకటించబడి, 2026 ఫిబ్రవరి 2 నుండి అమలులోకి వచ్చింది.

రూపకల్పన నియంత్రణలో ముందుగా వాడేవారి అవసరాలను రాసుకొంటారు. వాటిని కొలవదగిన సాంకేతిక లక్షణాలుగా మారుస్తారు. తయారైన పరికరంలో ఆ లక్షణాలు ఉన్నాయో లేదో చూడడాన్ని వెరిఫికేషన్ అంటారు. ఆ పరికరం వాడేవారి అవసరాన్ని నిజంగా తీర్చుతున్నదో లేదో చూడడాన్ని వాలిడేషన్ అంటారు. మొదటిది "పరికరాన్ని సరిగా తయారుచేశామా" అనే ప్రశ్నకు, రెండవది "సరైన పరికరాన్నే తయారుచేశామా" అనే ప్రశ్నకు సమాధానం.

ఈ రెండవ ప్రశ్నే లీన్ స్టార్టప్ పద్ధతికి కూడా మూలం. కాబట్టి ఈ రెండింటి మధ్య వైరుధ్యం పైకి కనిపించేంత లేదు. వాడేవారి అవసరాన్ని మొదట్లోనే తప్పుగా రాసుకొంటే, తరువాతి తనిఖీలన్నీ సక్రమంగా జరిగినా ఫలితం పనికిరాని పరికరమే. ఆ తప్పు చివరి దశలో బయటపడితే అచ్చులు, పరీక్షలు, పత్రాలు అన్నీ మరల చేయవలసి వస్తుంది. మొదటి దశలో బయటపడితే ఒక అట్టముక్క నమూనా వృథా అవుతుంది.

అన్వయించే విధానం

వైద్య పరికరాల రంగంలో నిర్మాణం, కొలత, అభ్యాసం అనే చక్రాన్ని రోగికి హాని లేని చోట ఎక్కువసార్లు, రోగికి దగ్గరయ్యే కొద్దీ తక్కువసార్లు, మరింత జాగ్రత్తగా తిప్పుతారు. దీనిని స్థూలంగా అయిదు దశలుగా చెప్పవచ్చును.

మొదటి దశ పరిశీలన. రూపకర్తలు ఆసుపత్రిలో ఉండి పనిని చూస్తారు. ఈ దశలో పరికరం ఉండదు. వైద్యులు చెప్పేదానికి, నిజంగా చేసేదానికి గల తేడాను గమనించడం దీని ఉద్దేశం.

రెండవ దశ స్థూల నమూనాలు. అట్ట, స్పాంజి, త్రిమితీయ ముద్రణ వంటి వాటితో చేసిన పనిచేయని నమూనాలను వైద్యుల, నర్సుల చేతికిచ్చి చూస్తారు. పట్టు సరిపోతున్నదా, చేతి తొడుగులతో మీట నొక్కగలుగుతున్నారా వంటివి ఇక్కడే తెలుస్తాయి.

మూడవ దశ ప్రయోగశాల పరీక్షలు. పనిచేసే నమూనాను బొమ్మ శరీరాలపై, కృత్రిమ కణజాలంపై పరీక్షిస్తారు. శరీరాన్ని తాకే పదార్థాల భద్రతకు ఐఎస్ఓ 10993, ప్రమాదాల అంచనాకు ఐఎస్ఓ 14971 అనే ప్రమాణాలను పాటిస్తారు.

నాలుగవ దశ వాడుక పరీక్షలు. ఇవి రెండు రకాలు. మొదటి రకం పరీక్షలు కొద్దిమందితో, లోపాలను కనిపెట్టి మార్చుటకు పదేపదే జరిపేవి. రెండవ రకం తుది పరీక్ష. ఎఫ్‌డీఏ 2016 నాటి మార్గదర్శకాలలో తుది పరీక్షకు ఒక్కొక్క వినియోగదారుల వర్గం నుండి కనీసం 15 మందిని తీసుకోవాలని సూచించింది. మొదటి రకం పరీక్షలు లీన్ పద్ధతికి సహజంగా సరిపోతాయి.

అయిదవ దశ రోగులపై పరీక్షలు. రూపకల్పన ఇంకా ఖరారు కాని పరికరాన్ని అతి కొద్దిమంది రోగులపై, గట్టి పర్యవేక్షణలో పరీక్షించుటకు 2013లో ఎఫ్‌డీఏ ప్రత్యేక మార్గదర్శకాలను విడుదల చేసింది. భారత నియమావళిలో కూడా ముందుగా చిన్న తరహా పరిశోధన, తరువాత నిర్ణాయక పరిశోధన అనే రెండు అంచెలు కలవు. పరీక్షల కోసం పరికరాన్ని కొద్ది పరిమాణంలో తయారుచేయుటకు కూడా ముందస్తు అనుమతి పొందవలెను.

ఈ అయిదు దశలలోనూ కనిష్ఠ ఉత్పత్తి అనే మాటకు అర్థం మారుతుంది. దానిలో సదుపాయాలు తక్కువగా ఉండవచ్చును గాని భద్రత తక్కువగా ఉండరాదు. రోగిని చేరే మొదటి రూపం కూడా తాను చేస్తానని చెప్పిన పనిని, అది ఎంత చిన్నదైనా, సంపూర్ణంగా చేయాలి.

ఉదాహరణ: ఎంబ్రేస్ శిశు సంచి

నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు, తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు ఒంటి వేడిని నిలుపుకొనే శక్తి తక్కువ. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక తరగతిలో, సాధారణ ఇంక్యుబేటరు ధరలో ఒక శాతానికే ప్రత్యామ్నాయాన్ని రూపొందించాలనే సమస్యను విద్యార్థులకు ఇచ్చారు. జేన్ చెన్, లైనస్ లియాంగ్, నాగానంద్ మూర్తి, రాహుల్ పానికర్ ఈ బృందంలోని సభ్యులు.

విద్యార్థుల తొలి పరికల్పన ఇంక్యుబేటరులోని భాగాలను తగ్గించి, చవకగా చేయాలన్నది. లియాంగ్ నేపాలులో ఒక ఆసుపత్రిని సందర్శించినప్పుడు దానమిచ్చిన ఇంక్యుబేటర్లు ఖాళీగా ఉండడం చూశాడు. వాటి అవసరమున్న శిశువులు ఆసుపత్రికి దూరంగా, పల్లెలలో పుడుతున్నారు. అంటే కొరత ఆసుపత్రులలోని యంత్రాలది కాదు. శిశువు ఉన్న చోటికి, విద్యుత్తు లేని ఇంటికి వెళ్ళగల వేడి కావాలి. ఈ ఒక్క పరిశీలనతో సమస్యే మారిపోయింది. బృందం ఇంక్యుబేటరును విడిచి, శిశువును చుట్టే చిన్న సంచి వైపు మళ్ళింది. ఇది మలుపునకు చక్కని ఉదాహరణ.

ఈ సంచిలో మైనం వంటి పదార్థం గల ఒక దిండు ఉంటుంది. వేడి చేసినప్పుడు ఈ పదార్థం కరుగుతుంది. తిరిగి గడ్డకట్టే క్రమంలో తనలోని గుప్తోష్ణాన్ని నెమ్మదిగా విడుదల చేస్తూ, సుమారు 37 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని గంటలపాటు నిలకడగా ఉంటుంది. దీనివలన శిశువును చుట్టి ఉన్నంతసేపు విద్యుత్తు అవసరం ఉండదు.

బృందం తరువాత బెంగుళూరుకు తరలివచ్చింది. మహారాష్ట్రలోని ఒక గ్రామంలో నమూనాను చూపినప్పుడు మరొక సంగతి బయటపడింది. దిండును 37 డిగ్రీల వరకు వేడి చేయమంటే, ఒక తల్లి అంతకంటే కొంచెం తక్కువకే వేడి చేస్తానని చెప్పింది. ఇంగ్లీషు మందులు చాలా ఘాటుగా ఉంటాయని, వైద్యుడు చెప్పిన మోతాదు కంటే కాస్త తగ్గించి వేయడం మంచిదని ఆమె నమ్మకం. ప్రయోగశాలలో ఎన్ని పరీక్షలు చేసినా ఈ ప్రమాదం బయటపడేది కాదు. బృందం అంకెల సూచికను తొలగించి, వేడి సరిపోయినదో లేదో మాత్రమే తెలిపే సూచికను అమర్చింది. పరికరం 2011లో భారతదేశంలో విడుదలైంది. ఆలోచన నుండి విడుదల వరకు నాలుగేళ్ళు పట్టడం గమనించదగినది. నమూనాలు వారాలలో మారినా, శిశువులకు వాడదగిన పరికరంగా తయారగుటకు ఏళ్ళు కావలసి వచ్చినవి.

సాఫ్టువేరు గల పరికరాలు

పరికరాలలో సాఫ్టువేరు పాత్ర పెరగడంతో ఈ చర్చ మరింత ముఖ్యమైంది. థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం 1985 నుండి 1987 వరకు ఉత్తర అమెరికాలో ఆరు సందర్భాలలో రోగులకు అత్యధిక మోతాదులో కిరణాలను ప్రసరింపజేసింది. కనీసం ముగ్గురు మరణించారు. పాత యంత్రాలలో ఉన్న యాంత్రికమైన రక్షణ కవచాలను తొలగించి, ఆ బాధ్యతను సాఫ్టువేరుకు అప్పగించడం ప్రమాదాలకు ఒక కారణం. ముందు జరిగిన ప్రమాదాల నివేదికలను తయారీదారు త్వరగా నమ్మకపోవడం మరొక కారణం. కొలతకు చోటులేని చోట అభ్యాసం కూడా జరగదని ఈ ఉదంతం తెలుపుతుంది.

వైద్య పరికరాల సాఫ్టువేరుకు 2006లో ఐఈసీ 62304 అనే ప్రమాణం వచ్చింది. తక్కువ వ్యవధిలో, విడతలు విడతలుగా సాఫ్టువేరు రాసే పద్ధతులను ఈ నిబంధనలతో ఎలా సమన్వయించాలో వివరిస్తూ 2012లో అమెరికాలో ఏఏఎంఐ సంస్థ ఒక మార్గదర్శినిని వెలువరించింది. 2022 డిసెంబరులో అమెరికా చట్టంలో మరొక వెసులుబాటు చేరింది. పరికరంలో భవిష్యత్తులో చేయబోయే మార్పులను, వాటిని పరీక్షించే విధానాన్ని తయారీదారు ముందుగానే సమర్పించి ఆమోదం పొందితే, ఆ పరిధిలోని మార్పులకు ప్రతిసారీ కొత్త అనుమతి అక్కరలేదు.

థెరనోస్ ఉదంతం

2003లో ఎలిజబెత్ హోమ్స్ స్థాపించిన థెరనోస్ అనే అమెరికా కంపెనీ, వేలి నుండి తీసిన కొద్ది చుక్కల రక్తంతో అనేక పరీక్షలు చేయగలమని ప్రకటించింది. 2013 నుండి మందుల దుకాణాలలో ప్రజలకు పరీక్షలు చేయసాగింది. ఆ యంత్రం నమ్మదగినది కాదని, చాలా పరీక్షలను ఇతర కంపెనీల యంత్రాలపై చేస్తున్నారని 2015లో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక బయటపెట్టింది. 2018లో కంపెనీ మూతపడింది. మదుపరులను మోసగించిన నేరానికి 2022లో హోమ్స్‌కు 11 సంవత్సరాలకు పైగా కారాగార శిక్ష పడింది.

వైద్య రంగంలో తొందరపాటుకు ఈ ఉదంతాన్ని ఉదాహరణగా చూపుతుంటారు. అయితే లీన్ పద్ధతి కోరేది పరికల్పనను బహిరంగంగా పరీక్షించి, తప్పని తేలితే ఒప్పుకోవడం. థెరనోస్ తన కొలతలను బయటివారి పరిశీలనకు పెట్టకుండా రహస్యంగా ఉంచింది. కనుక ఇది వేగం వలన కలిగిన వైఫల్యం మాత్రమే కాదు, కొలతను దాచిపెట్టడం వలన కలిగిన వైఫల్యం కూడా.

భారతదేశంలో, తెలుగు రాష్ట్రాలలో

లీన్ స్టార్టప్ అనే పేరు పుట్టకముందే వైద్యులు, ఇంజనీర్లు కలిసి పనిచేసిన ఉదాహరణలు హైదరాబాదులో కలవు. అగ్ని క్షిపణి కోసం రూపొందించిన తేలికైన కార్బన్ మిశ్రమ పదార్థాన్ని నిమ్స్ ఆసుపత్రి వైద్యుడొకరు చూసి, పోలియో సోకిన పిల్లల కాళ్ళకు అమర్చే సాధనాలకు అది పనికివస్తుందని గుర్తించాడు. మూడు కిలోలకు పైగా ఉండే లోహపు సాధనాల స్థానంలో సుమారు 300 గ్రాముల సాధనాలను అబ్దుల్ కలాం బృందం తయారుచేసింది. 1990వ దశకంలోనే కలాం, హృద్రోగ నిపుణుడు సోమరాజు కలిసి తక్కువ ధరలో కలాం-రాజు స్టెంటును రూపొందించారు.

2007లో ఢిల్లీలోని ఎయిమ్స్, ఐఐటీ సంస్థల భాగస్వామ్యంతో స్టాన్‌ఫర్డ్-ఇండియా బయోడిజైన్ కార్యక్రమం మొదలైంది. ఇందులో శిక్షణార్థులు ముందుగా ఆసుపత్రిలో అవసరాలను గుర్తించి, ఆ తరువాతనే పరిష్కారాన్ని ఆలోచించేవారు. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థలో ఇంజనీర్లు వైద్యుల మధ్యనే ఉండి నమూనాలు తయారుచేసే సృజన కేంద్రం ఉన్నది.

నమూనాలు చేయుట సులభమైనా, ప్రమాణాల ప్రకారం పరీక్షించుటకు కావలసిన ప్రయోగశాలలు చిన్న కంపెనీలకు అందుబాటులో ఉండవు. విశాఖపట్నంలో 2018 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్‌లో ఇటువంటి పరీక్షా సౌకర్యాలను ఉమ్మడిగా వాడుకొనే వీలు కలదు. తెలంగాణలో సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ వద్ద వైద్య పరికరాల పార్కు ఉన్నది.

విమర్శలు, పరిమితులు

వాడేవారు కోరినదే సరైనదని అనుకోవడం ఈ పద్ధతిలోని ఒక లోపమని విమర్శకులు అంటారు. వైద్యులకు నచ్చిన పరికరం రోగికి మేలు చేస్తుందని నియమం లేదు. ఆ సంగతిని ఇంటర్వ్యూలు తేల్చలేవు, పద్ధతి ప్రకారం జరిపిన వైద్య పరిశోధనలే తేల్చాలి. అరుదుగా కనిపించే దుష్ఫలితాలు కొద్దిమందిపై చేసిన పరీక్షలలో బయటపడవు. శరీరంలో ఏళ్ళ తరబడి ఉండే పరికరాల అరుగుదల కొన్ని వారాల ప్రయోగాలలో తెలియదు.

మరొక పరిమితి పత్రాలకు సంబంధించినది. త్వరత్వరగా నమూనాలు మార్చేటప్పుడు, ఏ మార్పును ఎందుకు చేశారో రాసి ఉంచకపోతే, తరువాత అనుమతుల సమయంలో చేసిన పనినే మరల చేయవలసి వస్తుంది. అందువలన ప్రతి ప్రయోగం యొక్క ఉద్దేశం, ఫలితం, తీసుకొన్న నిర్ణయం అప్పటికప్పుడు నమోదు చేయడం మంచి ఆచారంగా భావిస్తారు.

ఈ పరిమితుల దృష్ట్యా, లీన్ స్టార్టప్ పద్ధతిని వైద్య పరిశోధనకు ప్రత్యామ్నాయంగా కాక, దానికి ముందు చేయవలసిన పనిగా పరిగణించడం సమంజసం. ఏ పరికరం అవసరమో తెలుసుకొనుటకు ఈ పద్ధతి తోడ్పడుతుంది. ఆ పరికరం సురక్షితమైనదా, మేలు చేస్తున్నదా అనే ప్రశ్నలకు మాత్రం వైద్య పరిశోధనే సమాధానం చెప్పాలి.

ఇవి కూడా చూడండి

ఇంక్యుబేటరు
స్టెంటు
ఏ.పి.జె. అబ్దుల్ కలాం
ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్
ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థ